‘ఉన్నా’ చుట్టూ ఎర్ర సిరా: ఒక యువ రచయిత్రికి లేఖ

హనుమకొండ,
ఎంగిలిపూల బతుకమ్మ నాడు

బిడ్డా,

అందం కొలతలను సొంత దేహంతోనే ప్రశ్నించే ఆడవాళ్ల కళ మీద హుజూరాబాద్ నుంచి నువ్వు పంపిన వ్యాసం వారం కిందటే అందింది. రెండుసార్లు ఊరికే చదివాను, మూడోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. వరండాలో గునుగు, తంగేడు, బంతి రాశులు పోసి ఉన్నాయి. ఇంట్లో వాళ్లు తాంబాళం ముందు కూర్చుని పేర్చడం మొదలుపెట్టే లోపల నీకు జవాబు ముగించాలని కూర్చున్నాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి మొదటి మాటే గట్టిగా చెబుతాను: నీ కళ్లముందు జరిగిన విషయం నీ వ్యాసంలోకి రాలేదు.

నీ స్నేహితురాలు ఇక్కడే ఒక చిన్న హాల్లో బల్ల ముందు కూర్చుని, పేపర్లో వచ్చిన పెళ్లి సంబంధాల ప్రకటనలను ఒక్కొక్కటే బయటికి చదువుతూ, చదివిన ప్రతిసారీ ముఖం తెల్లబడే క్రీమును ఒక పూత పూసుకుంటూ, గంటన్నర అయ్యేసరికి కళ్లూ ముక్కూ ఆనవాలు పట్టలేనంతగా తన ముఖాన్ని తానే కప్పేసుకుంది. ఇంతటి పనిని కళ్లారా చూసి వచ్చినదానివి, మొదటి మూడు పేజీల్లో ఆ అమ్మాయిని కనీసం హాల్లోకి కూడా రానివ్వలేదు. పితృస్వామ్యం వచ్చింది, మార్కెట్ వచ్చింది, దేహ రాజకీయాలు వచ్చాయి, ఇద్దరు ముగ్గురు విదేశీ సిద్ధాంతకర్తలు వచ్చారు. నాలుగో పేజీలో ఆమె వచ్చి పద్నాలుగు వాక్యాల్లో వెళ్లిపోయింది. అనుమానం వచ్చి లెక్కపెట్టాను, పద్నాలుగే.

ఆ రోజు ఫోనులో ‘ఎన్ని ట్యూబులు ఒడిసినయి?’ అని నేను అడిగితే నువ్వు లెక్కపెట్టలేదన్నావు. కానీ ఆ కాసేపట్లోనే వ్యాసంలో లేని మూడు సంగతులు చెప్పావు. క్రీము వాసన హాలంతా కమ్ముకుని వెనక వరుసలో ఎవరికో తుమ్ములు వచ్చాయన్నావు. పూత మందమైన కొద్దీ రెప్పలు అంటుకుపోయి ఆమె అక్షరాలు తడుముకుంటూ చదివిందన్నావు. మూడో వరుసలో కూర్చున్న వాళ్లమ్మ ఒక దశలో కొంగు చేతిలోకి తీసుకుని లేచి, రెండడుగులు ముందుకు వేసి, ఎందుకో ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చుందన్నావు. బిడ్డా, నీ వ్యాసం అదే. మిగిలిందంతా ఆ రెండడుగుల తర్వాత రాసుకోవచ్చు, రాయకపోయినా నష్టం లేదు.

ముందుగా పేరు సంగతి. నువ్వు అంతటా ‘ప్రదర్శన కళ’ అని రాశావు. ఆ మాటకు మన దగ్గర ఎప్పుడో ఒక అర్థం స్థిరపడింది. ప్రదర్శన కళలంటే మనకు నాట్యం, నాటకం, ఒగ్గుకథ, చిందు భాగవతం. నువ్వు చూసినది వేరే తోవలో వచ్చింది. చిత్రకారులు, శిల్పులు కొందరు 1960, 70 దశకాల్లో కుంచెనూ ఉలినీ పక్కన పెట్టి సొంత శరీరాన్నే సామగ్రిగా తీసుకున్నప్పుడు అది బలపడింది. అందులో పాత్ర ఉండదు. నిజామాబాద్ జిల్లా చిందు భాగవత కళాకారిణి చిందుల ఎల్లమ్మ వేషం కట్టి రంగం మీదికి వస్తే ఆమె ఇంకొకరు అయ్యేది, మనం ఆ ఇంకొకరినే చూసేవాళ్లం. నీ స్నేహితురాలు మాత్రం ఆ బల్ల ముందు తానుగానే కూర్చుంది. ముఖం తనదే, క్రీము నిజమైన క్రీమే, మండిన కళ్లు తనవే. అందుకే ‘నటించింది’ అనే క్రియ నీ వ్యాసంలో నాలుగు చోట్ల తప్పు. ఇంకా మంచి తెలుగు మాట దొరికేదాకా పర్ఫార్మెన్స్ ఆర్ట్ అనే రాయి, తప్పేమీ లేదు.

క్రియ అన్నాను కాబట్టి అసలు విషయానికి వస్తాను. ఈ కళలో చేసిన పనే కళాకృతి. చేసిన పనిని చేసినట్టు రాయకపోతే పాఠకుడి చేతికి ఏమీ మిగలదు; చిత్రమైతే పక్కన బొమ్మ వేస్తారు, పాటైతే రికార్డు ఉంటుంది, ఇక్కడ చాలాసార్లు నీ వాక్యమే సాక్ష్యం. నువ్వు జపాన్ కళాకారిణి యోకో ఓనో ‘కట్ పీస్’ ప్రస్తావన తెచ్చి, ‘ఆమె దుస్తులు ఒక్కొక్కటిగా కత్తిరించబడ్డాయి’ అని రాశావు. ఎవరు కత్తిరించారు? ఆ పని 1964లో మొదట క్యోటోలో, 1965లో న్యూయార్క్ కార్నెగీ రిసైటల్ హాల్లో జరిగింది. ఆమె వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుని ఎదురుగా కత్తెర పెట్టుకుంది, చూడవచ్చిన వాళ్లు ఒక్కొక్కరే వచ్చి తన బట్టల్లోంచి ఒక ముక్క కత్తిరించుకుని పోవచ్చంది. న్యూయార్క్‌లో మేజల్స్ సోదరులు తీసిన ఫిల్మ్ ఉంది. అందులో ఒక యువకుడు కులాసాగా లోబట్టల దాకా కత్తెర ఆడిస్తాడు, ఆమె చేతులతో ఎదను కప్పుకుంటుంది. ఆ యువకుడు నీ ‘బడ్డాయి’ వెనక దాక్కుపోయాడు. తెలుగు వాక్యానికి ‘బడు’ ఎలాగూ నప్పదని వ్యాకరణం పంతుళ్లు చెబుతారు. ఈ విషయం మీద రాసేవాళ్లకు అది నప్పకపోవడమే కాదు, చేసినవాడిని తప్పించే దొడ్డిదారి కూడా.

ఇక ‘ఉన్నా’ సంగతి. ఇది నా సొంత తప్పు, ఇన్నేళ్లలో బయట ఎవరికీ చెప్పలేదు. నేను కొత్తగా లెక్చరర్‌గా చేరిన రోజుల్లో హైదరాబాద్‌లో ఒక ప్రదర్శన చూసి వచ్చి ఒక పత్రికకు సమీక్ష రాశాను. అందులో ఒక వాక్యం: ‘లావుగా, నల్లగా ఉన్నా ఆమె కదలికల్లో ఒక లయ ఉంది.’ మెచ్చుకున్నాననే అనుకున్నాను. పదిరోజులకు పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల నా సమీక్ష కత్తిరింపు, ‘ఉన్నా’ అనే రెండక్షరాల చుట్టూ ఎర్ర సిరాతో సున్నా, వెనక వైపు ఒకే ప్రశ్న: ‘ఉన్నా అంటే ఏమిటండీ?’ సంతకం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. రెండు రోజులు కోపం, మూడో రోజు సిగ్గు. లావుగా నల్లగా ఉన్నవాళ్లకు లయ ఉండదని లోకమంతా ఒప్పుకున్నట్టు, ఈమె విషయంలో ఎందుకో మినహాయింపు దొరికినట్టు ఆ రెండక్షరాలే చెబుతున్నాయి. ఆమె అంతసేపు చెమటోడ్చి దేన్ని కూలగొట్టిందో దాన్ని నేను ఒక అసమాపక క్రియతో మళ్లీ నిలబెట్టాను.

ఆ తర్వాత మన ఇళ్లలో మాటలు వేరుగా వినబడడం మొదలైంది. ‘రంగు తక్కువైనా కళగల ముఖం.’ ‘పొట్టిదైనా పనిమంతురాలు.’ ‘పన్ను ఎత్తైనా నవ్వితే బాగుంటది.’ ప్రేమగానే అంటారు, మా అమ్మ నన్ను కూడా అలాగే అనేది. సౌందర్య ప్రమాణాలు అని మనం పెద్ద మాట వాడతాం గానీ, తెలుగులో ఆ ప్రమాణం ఎక్కువగా కాపురం ఉండేది ఈ ‘అయినా’, ‘ఉన్నా’లలోనే. ఇప్పుడు నీ ఆరో పేజీ తీసి చూడు. నీ స్నేహితురాలిని పరిచయం చేస్తూ ఏం రాశావు? ‘చామనఛాయ అయినా ఆకర్షణీయమైన ముఖం.’ దాని చుట్టూ నేను పెన్సిలుతోనే సున్నా చుట్టాను, ఎర్ర సిరా నాకు ఒకసారి చాలు.

ఒక అభ్యాసం చెబుతాను. ఢిల్లీలో ఉండే సోనియా ఖురానా 1999లో ‘బర్డ్’ అనే చిన్న వీడియో చేసింది. బట్టలు లేకుండా, తన భారీ శరీరంతో, పక్షిలా ఎగరడానికి ప్రయత్నిస్తుంది. తూలుతుంది, పడుతుంది, మళ్లీ చేతులు చాస్తుంది. దీన్ని అర పేజీలో రాయి. ‘భారీ శరీరం ఉన్నా ఎగరాలని చూసింది’ అని రాస్తే ఒక అర్థం, ‘భారీ శరీరంతో ఎగరాలని చూసింది’ అని రాస్తే ఇంకో అర్థం. ఈ ‘తో’ దగ్గరికి చేరడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, నీకు అంత అక్కర్లేదు.

బట్టలు లేకపోవడం గురించి రాసేటప్పుడు కూడా మాటలను ఒకసారి తిరగేసి చూసుకో. ‘వివస్త్ర’ అనే మాట మన పేపర్లలో దాదాపు ఎప్పుడూ ‘చేసి’తో కలిసి వస్తుంది, అంటే ఇంకొకరి బలవంతం దానికి అంటుకుని ఉంది. ‘దిసమొల’ తిట్టు. ‘నగ్నం’ అనగానే వార్తకు ఫోటో వెతికేవాళ్లు ఉన్నారు. ‘దిగంబర’ అనే మాటను 1965లో ఆరుగురు కవులు తమ జెండాకు ఎత్తుకున్నారు, అర్ధరాత్రి హైదరాబాద్‌లో రిక్షా కార్మికుడి చేత తొలి సంపుటి ఆవిష్కరింపజేశారు. ఆ ఆరుగురూ మగవాళ్లే, ఆ దిగంబరత్వం పూర్తిగా కాగితం మీదిదే. నేను సాధారణంగా ‘బట్టలు లేకుండా’ అనే రాస్తాను, అందులో నెపం లేదు. ఒక్కోసారి బట్టలు లేకపోవడం అసలు విషయమే కాదు. మల్లికా తనేజా అనే ఢిల్లీ కళాకారిణి ఒక ప్రదర్శనను బట్టలు లేకుండా మొదలుపెట్టి, ఆడవాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి అనే ధోరణిలో మాట్లాడుతూ, ఒకదాని మీద ఒకటి బట్టలు తొడుక్కుంటూ పోతుంది. అక్కడ క్రియ తొడుక్కోవడం. మొదటి నిమిషాల దగ్గరే కళ్లు ఆగిపోయిన సమీక్షకుడు ఆమె చేసిన పనిని చూడనట్టే లెక్క.

మణిపూర్ తల్లుల ప్రస్తావన నీ వ్యాసంలోంచి తీసెయ్యి. 2004లో ఇంఫాల్ కాంగ్లా కోట ముందు ఆ పన్నెండు మంది బట్టలు లేకుండా నిలబడింది మనోరమ అనే యువతి హత్య మీద సైన్యాన్ని నిలదీయడానికి. అందం అనే ప్రశ్నకూ దానికీ సంబంధం లేదు. బట్టలు లేని ఆడదేహం కనబడిన ప్రతి చోటునూ ఒకే మూటలో కట్టడం అంటే, దేహమే తప్ప దాని వెనక సంగతి అక్కర్లేదనడం.

నీ శరీరాన్ని కూడా మరిచిపోవద్దు. నాకు పెళ్లిచూపులు నర్సంపేట దగ్గర మా ఊళ్లో జరిగాయి. అబ్బాయి మేనత్త జడ విప్పమంది. సవరం పెట్టారేమో చూడాలట. మా అమ్మ మాట్లాడకుండా లోపలికి వెళ్లి దువ్వెన తెచ్చి ఆమె చేతికే ఇచ్చింది. ఆమె నా వెనక నిలబడి పైనుంచి కిందికి మూడుసార్లు దువ్వింది, మూడోసారి చిక్కు దగ్గర ఆగకుండా లాగింది, ‘సొంతమే’ అని అందరికీ చెప్పింది. ఆ సంబంధం కుదరలేదు, ఎత్తు చాలలేదన్నారు. చాలా ఏళ్లకు మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి వీడియో చూశాను. 1975లో కోపెన్‌హాగెన్‌లో చేసినది. ఒక చేతిలో లోహపు బ్రష్షు, ఒక చేతిలో లోహపు దువ్వెన, రెండింటితో తల దువ్వుకుంటూ ‘కళ అందంగా ఉండాలి, కళాకారిణి అందంగా ఉండాలి’ అని అంటూనే ఉంటుంది. దువ్వడం మెల్లగా బరకడంగా మారుతుంది, మాట మూలుగవుతుంది. చూస్తుండగా నాకు సిద్ధాంతమేదీ తట్టలేదు, మాడు మంటపుట్టింది.

ఆ వీడియో మీద నేను మొదట రాసిన వ్యాసంలో రెండు పేజీలు నా పెళ్లిచూపులే. సంపాదకుడు అంతా కొట్టేసి ఒక్క వాక్యం ఉంచాడు. అప్పుడు తిట్టుకున్నాను, ఇప్పుడు ఆయన పక్షమే. నీ ఒంటి మీద ఏం జరిగిందో రాయి, కానీ ఆమె చేసిన పనిని పాఠకుడు ఇంకా బాగా చూడడానికి అది ఎంత అవసరమో అంతే రాయి. నీ వ్యాసంలో నీ మొటిమల కథ ఒకటిన్నర పేజీ ఉంది. బాగుంది, నవ్వించింది, వేరే వ్యాసం చెయ్యి.

కొలత గురించి నువ్వు రాసిన భాగం నాకు నచ్చింది, దాన్ని ఇంకా పెంచు. అమెరికా కళాకారిణి మార్తా రోస్లర్ 1977లో చేసిన వీడియోలో తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరు మగవాళ్లు ఒక స్త్రీని నిలబెట్టి, పడుకోబెట్టి, ఒళ్లంతా అంగుళం అంగుళం కొలిచి అంకెలు రాసుకుంటారు. కొలత కొలతకూ ప్రమాణానికి సరిపోయిందా, ఎక్కువైందా, తక్కువైందా అని తీర్పు వస్తుంటుంది, ఆమె బట్టలు ఒక్కొక్కటే తొలగిపోతుంటాయి. అరుపులు లేవు, కొట్టడం లేదు, ఆసుపత్రి మర్యాద మాత్రమే. మన దగ్గర బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్. 2000 నుంచి 2004 దాకా క్లేర్ ఆర్నీ అనే ఫోటోగ్రాఫర్‌తో కలిసి దక్షిణ భారత స్త్రీల రూపాలెన్నింటినో తానే ధరించి ఫోటోలు దిగింది. రవివర్మ వెన్నెల స్త్రీ ఆమే, వలసపాలన రోజుల్లో మనుషులను జాతులవారీగా కొలవడానికి గళ్ల తెర ముందు నిలబెట్టిన ఆడమనిషీ ఆమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టడంలోనే ఆమె తెలివి ఉంది. ఎందుకంటే మా తరం ఇళ్లలో రవివర్మ బొమ్మ లేని క్యాలెండరు లేదు, ఆ లక్ష్మీ సరస్వతుల ముఖాలతో పోల్చుకునే మేం పెరిగాం. అదీ ఒక గళ్ల తెరే, మాకు తెలియలేదు. రంగు గురించి రాసేటప్పుడు కూడా ఇలాంటి పట్టుకొమ్మ ఒకటి ఉండాలి. 1975లో మన బజారులోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టుకుంది. నీ స్నేహితురాలు చదివిన ప్రకటనలు 2020కి ముందువా, తర్వాతవా? అడుగు. తేదీలు ఉంటే వ్యాసం సగం దానంతట అదే నడుస్తుంది.

బరువు దగ్గర మన ప్రాంతానికి ఒక విశేషం ఉంది, నువ్వు దాన్ని వదిలేశావు. అమెరికా కళాకారిణి ఎలియనార్ ఆంటిన్ 1972లో 37 రోజులు కడుపు మాడ్చుకుని, రోజూ నాలుగు వైపుల నుంచి తన ఫోటో తీయించుకుని, 148 ఫోటోలను గోడ మీద వరుసగా పేర్చి, దానికి ‘చెక్కడం’ అని పేరు పెట్టింది. శిల్పి రాయిని చెక్కినట్టు ఆమె తనను తాను చెక్కుకుంది. తగ్గింది సుమారు పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు. ఇప్పుడు మేడారం జాతరకు ముందు వరంగల్ బీటుబజారులో బెల్లం దుకాణం ఒకటి ఊహించు. నిలువెత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, మొక్కుకున్న ఒకామె తక్కెడ ఎక్కుతుంది. డాక్టరు దగ్గర బరువు మిషను ఎక్కాలంటే చెప్పులతో పాటు గాజులు కూడా తీస్తానంటుంది, అంకె పలకబోతే ముఖం తిప్పుకుంటుంది. ఇక్కడ మాత్రం దుకాణం మనిషి ‘డెబ్బై ఎనిమిది’ అని బజారంతా వినబడేలా అరుస్తాడు, ఆమె తల ఎత్తుకునే దిగుతుంది, కిలో ఎక్కువైతే తల్లికి కిలో ఎక్కువ ముట్టినట్టే. అదే ఒళ్లు, అదే అంకె. ఈ దృశ్యాన్ని ఆంటిన్ ఫోటోల పక్కన పెట్టు, వ్యాఖ్యానం చెయ్యకు.

కానీ ఇక్కడే ఒక గుంత ఉంది, మనవాళ్లు చాలామంది అందులో పడ్డారు, నేనూ పడ్డాను. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరల్లో దేవుడు పూనే శివసత్తులు ముఖాన పసుపు మెత్తుకుని, జుట్టు విరబోసుకుని ఊగడం చూసి, ‘ఇదీ పర్ఫార్మెన్స్ ఆర్టే, మన ఆడవాళ్లు ఎప్పుడో చేశారు’ అని రాసెయ్యడం తేలిక, చప్పట్లూ పడతాయి. శివసత్తు దాన్ని కళ అనదు, అది ఆమెకు దేవుడితో ఉన్న సంగతి. మనం ఆమె అనని మాట ఆమె నోట్లో పెట్టకూడదు. అంతకంటే బరువైన సంగతి, ఇదే ఉత్తర తెలంగాణలో దళిత ఆడపిల్లలను జోగినులుగా దేవతకు ముడిపెట్టి, ఊరి ముందు ఆడించి, ఊరి మగవాళ్లకు వదిలేశారు. 1988లో చట్టం నిషేధిస్తే తప్ప అది నేరం కాలేదు. జోగిని ఆటలోనూ దేహం ఉంది, జనం ఉన్నారు, కానీ ‘నేను చేస్తాను’ అన్న మాట ఆమెది కాదు. ఆ మాట ఎవరిదో తేల్చకుండా పోలిక పెట్టకు.

ఇదే కొలతతో రామప్ప భాగాన్ని తిరగరాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి చూరు కింద, అద్దంలా నునుపు తేలిన నల్లరాతి మదనికలు ఉన్నాయి కదా. సన్నని నడుము, నిండు రొమ్ము, ఒంపు తిరిగిన నిలబాటు. 2025 మే 14న మిస్ వరల్డ్ పోటీదారులు అక్కడికి వచ్చారు. వాళ్లను వరుసగా కూర్చోబెట్టి స్థానిక స్త్రీలు పాదాల మీద నీళ్లు పోసి కడిగి తుడిచిన వీడియో బయటికి రాగానే రాజకీయ దుమారం రేగింది; అతిథి మర్యాద అన్నవాళ్లు ఉన్నారు, తెలంగాణ ఆడబిడ్డల ఆత్మగౌరవం మీద దెబ్బ అన్నవాళ్లు ఉన్నారు. నువ్వు రెండు పేజీలు రాశావు. అందులో కిరీటం ఉంది, రంగు ఉంది, ఎత్తు ఉంది, మదనికలతో పోలిక ఉంది, సామ్రాజ్యవాదం ఉంది. వంగిన ఆడమనిషి లేదు. నేను టీవీలో చూసినప్పుడు నాకు కనబడింది ఆమె వీపే. అందాల పోటీలో కొలిచే దేహాలు ఆ కుర్చీల్లో ఉన్నాయి, కొలతకు కూడా రాని దేహం నేల మీద ఉంది. నీ వ్యాసం, ఎంత కోపంగా రాసినా, కుర్చీల వైపే తిరిగి కూర్చుంది.

దీని పక్కన పెట్టడానికి ఒక పని ఉంది. మియర్ల్ లాడర్‌మన్ యుకిలీస్ అనే న్యూయార్క్ కళాకారిణి, తల్లయిన తర్వాత, ఊడ్చడం, కడగడం, పిల్లల పని అంతా కళే అని 1969లో ఒక ప్రకటన రాసుకుంది. 1973లో హార్ట్‌ఫర్డ్ నగరంలోని మ్యూజియానికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, దాని మెట్లనూ నేలనూ గంటల తరబడి కడిగింది. సందర్శకులు ఆమె తడిపిన మెట్ల మీదుగానే నడిచి పోయారు. కడగడం రెండు చోట్లా ఉంది, వంగడం రెండు చోట్లా ఉంది. హార్ట్‌ఫర్డ్‌లో వంగాలని నిర్ణయించుకున్నది వంగిన మనిషే, దాని కింద సంతకం చేసింది కూడా ఆమే. రామప్ప గుడి ఉన్న పాలంపేటలో ఎవరు నిర్ణయించారు? వీలైతే అక్కడిదాకా వెళ్లు, పరకాల మీదుగా పోతే నీకు పెద్ద దూరం కాదు. ఆ రోజు నీళ్లు పోసినవాళ్లలో ఎవరైనా ఇష్టపడి మాట్లాడితే విను. పేరు వేయవద్దంటే వేయకు. వాళ్లు ‘మాకేం తప్పనిపించలేదు’ అన్నా సరే, అన్నది అన్నట్టు రాయి.

నీ వ్యాసంలో ఇంకొక అపోహ ఉంది. అందంగా లేని దేహమే అందాన్ని ప్రశ్నించగలదని నువ్వు అనుకుంటున్నట్టుంది. అమెరికా కళాకారిణి హానా విల్కీ కథ తెలుసుకో. 1974లో మొదలుపెట్టి ఆమె నమిలిన చూయింగ్ గమ్‌ను చిన్న చిన్న మడతలుగా చేసి, గాయపు మచ్చల్లా తన ఒంటి మీద అతికించుకుని, సినిమా తారల భంగిమల్లో ఫోటోలు దిగింది. చక్కని మనిషి. స్త్రీవాద విమర్శకులే కొందరు ‘ఇది ఆత్మమోహం, అందగత్తె కాబట్టి సాగుతోంది’ అన్నారు. తర్వాత ఆమెకు లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. జుట్టు రాలిపోయి, ఒళ్లు ఉబ్బి, కట్లతో, సూదులతో ఉన్న తన దేహాన్ని భర్త సాయంతో అవే భంగిమల్లో, నిలువెత్తు రంగు ఫోటోలుగా తీయించుకుంది. 1993 జనవరిలో చనిపోయింది, మరుసటి ఏడాది ఆ ఫోటోలు ‘ఇంట్రా వీనస్’ పేరుతో ప్రదర్శనకు వచ్చాయి. ఇరవై ఏళ్ల కిందటి ఫోటోలను చాలామంది ఆ రోజు కొత్తగా చూశారు. వాళ్లకు అర్థం కావడానికి ఆమె చావు కావాల్సి వచ్చిందే అని నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. చక్కగా ఉన్న ఆడపిల్ల కూడా ఆ కొలబద్ద కిందే ఉంది. ఆమె విషయంలో ‘ఉన్నా’ స్థానంలో ‘కాబట్టి’ వస్తుంది, అంతే.

ఫ్రాన్స్ కళాకారిణి ఓర్లాన్ గురించి నువ్వు ఉత్సాహంగా రాశావు. 1990 నుంచి 1993 దాకా కళగానే తన మీద చేయించుకున్న తొమ్మిది శస్త్రచికిత్సలు, 1993లో న్యూయార్క్ ఆపరేషను ఉపగ్రహం ద్వారా వేరే నగరాల గ్యాలరీలకు ప్రత్యక్ష ప్రసారం, కణతల దగ్గర పెట్టించుకున్న గడ్డలు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు ఆమె పని ఇష్టం లేదు. కత్తికి లోబడి కత్తిని ఎదిరించడం నాకు ఎప్పుడూ ఒప్పలేదు, ఆసుపత్రులు చూసి చూసి అలా అయ్యానేమో. అయినా నీ భాగాన్ని ఉంచు, ఒక్క మాట తప్ప. ఆమె అందగత్తె కావాలని కోసుకోలేదు, నువ్వు ‘అందం కోసం’ అని రాయడం ఆమె పనిని తలకిందులు చేస్తుంది.

నీ స్నేహితురాలి ఫోటోలు వ్యాసంతో పాటు పంపావు. ఆమెను అడిగావా? హాల్లో యాభై మంది చూడడానికి ఒప్పుకోవడం వేరు, వ్యాసం నుంచి విడిపోయి చేతి ఫోనుల్లో తిరగడానికి ఒప్పుకోవడం వేరు. ముఖం పూర్తిగా కప్పుకుపోయిన చివరి ఫోటో ఒక్కటి చాలు అనిపిస్తోంది, అదైనా ఆమె సరేనంటేనే.

వ్యాసం ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. మొదటి మూడు పేజీలు విడిగా గుండుసూది గుచ్చి పెట్టాను, పారేయకు, ఎప్పటికైనా అక్కరకొస్తాయి. నాలుగో పేజీ నుంచి మొదలుపెట్టి రెండో ప్రతి రాయి, సద్దుల బతుకమ్మ తర్వాత పంపినా పరవాలేదు. ట్యూబులు ఎన్నో అడిగి అంకె వెయ్యి. ప్రకటనల తేదీలు వెయ్యి. వాళ్లమ్మను కలిసి, ఆమెకు ఇష్టమైతేనే, ఆ రెండడుగుల దగ్గర ఎందుకు ఆగిందో అడుగు. చెప్పకపోతే, కొంగు ఏ చేత్తో పట్టుకుంది, వెనక్కి వెళ్లి కూర్చున్నాక దాన్ని ఏం చేసింది అన్నది నువ్వు చూసినంత వరకు రాయి.

పిలుస్తున్నారు, తంగేడు తక్కువైందట.

ఆశీస్సులతో,
మీ మేడం